బీదర్ పాత పట్నం, కోట: ఒక్క రోజులో నడిచి చూడాలంటే ఏది ముందు, ఏది వెనక?

పొద్దుపొడుపు
నమస్తే అందరికీ. డిసెంబర్‌లో ఒక ఆదివారం హైదరాబాద్ నుంచి కర్ణాటకలోని బీదర్ వెళ్ళి రావాలని ఉంది. ముగ్గురం. అందులో ఒకరికి మోకాళ్ళ నొప్పి, మెట్లు ఎక్కువ ఎక్కలేరు. కారులో గిరగిరా తిప్పి పది చోట్ల దింపే టూరు వద్దు. గోడ లోపలి పట్నం, కోట నడిచే చూడాలి. ఏ క్రమంలో వెళ్ళాలి? ఎక్కడ ఎంత సేపు పడుతుంది? బిద్రీ సామాను (నల్ల లోహం మీద వెండి పొదిగినవి) కొనడం గురించి కూడా చెప్పండి.

జహీరాబాద్ చౌరస్తా
ముందుగాల పోవుడు సంగతి జూస్కోండ్రి. ఎంజీబీఎస్ బస్టాండు నుంచి బస్సుల మూడున్నర గంటలు వట్టుద్ది. సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్ మీదికెల్లి పోతది. జహీరాబాద్ దాటినంక బొంబాయి రోడ్డు ఇడిసి కుడి చేతికి మల్లాలె. రైలు వికారాబాద్ దిక్కు సుట్టు తిరిగి వస్తది, టైం కలిస్తేనే ఎక్కుండ్రి. పొద్దుగాల ఫస్ట్ బస్సుకు వోయినా బీదర్‌ల దిగేసరికి తొమ్మిది, తొమ్మిదిన్నర. బస్టాండు కాడికెల్లి పాత పట్నం నడవకుండ్రి, ఆటో ఎక్కి "చౌబారా" అంటే సాలు. నడిచేటి ఓపికంతా గోడ లోపటికి దాచిపెట్టుకోవాలె.

భాషకు ఫికర్ లేదు. కన్నడం, ఉర్దూ, మరాఠీ అన్నీ నడుస్తయి, తెల్గు గూడ మస్తుమందికి సమజైతది. 1956 దాంక హైదరాబాద్ రాష్ట్రంలనే ఉండె గద.

సున్నంరాయి
క్రమం గురించి నా మాట: చౌబారా, మదరసా, కోట. ఇదే వరస. మూడూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి కాబట్టి వెనక్కి తిరగాల్సిన పని లేదు. చౌబారా నుంచి మదరసాకి ఐదారు నిమిషాలు, మదరసా నుంచి కోట మొదటి దర్వాజాకి నింపాదిగా నడిస్తే పదిహేను.

చౌబారా అంటే నాలుగు దారులు కలిసే చోట నిలబెట్టిన గుండ్రటి బురుజు, 71 అడుగులు. పైకి ఎక్కనిస్తారని లెక్క వేసుకోవద్దు, మామూలుగా తాళమే. కింద నుంచే చూసి కదలండి, పది నిమిషాలు చాలు. మీరు నిలబడ్డ చోటు నుంచి పట్నం నాలుగు ముక్కలుగా ఎలా చీలిందో ఒకసారి గమనించండి. ఆ తరవాత గల్లీల్లో దారి తప్పినా బురుజు కనబడితే చాలు, దిక్కు తెలిసిపోతుంది.

మహమూద్ గవాన్ మదరసాకి ముప్పావు గంట నుంచి గంట. బహమనీ సుల్తానుల మంత్రి గవాన్ 1472లో కట్టించింది. దీన్ని పొద్దున్నే చూడాలనడానికి కారణం ఒక్కటే: ముఖద్వారం తూర్పుకి ఉంది. మిగిలిన ఒక్క మీనారు మీద నీలం, ఆకుపచ్చ, పసుపు, తెలుపు పలకలు ఇంకా అతుక్కుని ఉన్నాయి. కింది భాగంలో అవి వంకీలు తిరుగుతూ పైకి పోతాయి. ఎండ ఏటవాలుగా పడితే ఒక్కొక్క పలక అంచు విడిగా కనబడుతుంది. మధ్యాహ్నం దాటితే ముఖం మొత్తం నీడలోకి పోతుంది, రంగులు బూడిద కొడతాయి. ఫోటో సంగతి అటుంచండి, కంటికే తేడా తెలుస్తుంది.

ముందు భాగం అంతలా ఎందుకు కూలిందని అడిగేవాళ్ళు చాలామంది. ఔరంగజేబు కాలంలో ఇక్కడ సైన్యం దిగింది, గదుల్లో మందుగుండు నిలవ చేశారు. 1690ల్లో అది పేలింది. రెండో మీనారు, ముందు భాగంలో పెద్ద ముక్క దానితోనే పోయాయి. లోపలికి వెళ్తే మూడంతస్తుల్లో విద్యార్థుల గదులు, నడుమ పెద్ద వాకిలి. వాకిలి మధ్యలో నిలబడి నాలుగు పక్కలా ఉన్న ఎత్తైన కమానులు చూడండి. సమర్ఖండ్ వైపు మదరసాల నమూనా ఇది, దక్కన్‌లో ఇలాంటిది ఇంకోటి లేదు.

గోడమీదపిల్లి
సున్నంరాయి గారూ, క్రమం దగ్గర మీతో కలవను. కోటే ముందు.

ఎందుకంటే కోటలో అసలు చూడాల్సినవి తాళాల వెనక ఉన్నాయి. రంగీన్ మహల్ తాళం, తఖ్త్ మహల్ తాళం, సోలా ఖంబా మసీదు కూడా ఒక్కోసారి తాళమే. తాళంచెవులు పురావస్తు శాఖ సిబ్బంది దగ్గర ఉంటాయి. పొద్దున్నే అడిగితే ఎవరో ఒకరు వెంట వచ్చి తీస్తారు. పన్నెండున్నరకి వెళ్ళి అడిగితే "భోజనానికి వెళ్ళాడు" అంటారు. ఇక మూడింటిదాకా ఆ తాళం రాదు. రంగీన్ మహల్ చూడని బీదర్ ప్రయాణం దండగ అని నా లెక్క.

పైగా కోటలో నీడ తక్కువ. ఒకటిన్నర వేళ తఖ్త్ మహల్ దగ్గర బోడి రాళ్ళ మీద నిలబడితే డిసెంబర్ అయినా మాడు కాలుతుంది.

సున్నంరాయి
తాళంచెవి విషయం నూటికి నూరు పాళ్ళూ నిజం, కాదనను. కానీ వాళ్ళు బస్సులో తొమ్మిదిన్నరకి దిగుతున్నారు. పట్నం గుండానే కోటకి పోవాలి. మదరసా దారిలోనే ఉంది. దాన్ని దాటి కోటకి పోయి, మూడింటికి నీడపడ్డ మదరసాకి తిరిగి రావడం దేనికి? పదింటికి మదరసా, పదకొండుకి కోట దర్వాజా. లోపలికి అడుగు పెట్టగానే మిగతావన్నీ వదిలేసి ముందు తాళంచెవి అడగాలి. రంగీన్ మహల్ గుంబద్ దర్వాజా దాటగానే ఉంది, కాబట్టి పన్నెండులోపే అయిపోతుంది.

ముందు రోజు రాత్రే వచ్చి దిగేవాళ్ళకైతే మీ మాట కొంత నిజం. అప్పుడైనా ఏడున్నరకి మదరసా బయటి నుంచి చూసి, కోట తెరిచే వేళకి అక్కడ ఉండొచ్చు.

గోడమీదపిల్లి
సరే, పదకొండుకి కోటలో ఉంటే ఒప్పుకుంటా. పన్నెండు కాకూడదు.

కరేజ్
మీ ఇద్దరి తగువులో కోట గోడ మర్చిపోయారు. నడిచేవాళ్ళకి అదే అసలు విందు.

బీదర్ కూర్చున్నది లేటరైట్ పీఠభూమి అంచున. ఆ ఎర్రరాయి భూమిలోంచి తీసేటప్పుడు గొడ్డలికి తెగేంత మెత్తన. గాలి తగిలితే గట్టిపడుతుంది. అందుకే ఇక్కడ రాయి మోసుకొచ్చి గోడ కట్టడం సగం పనైతే, ఉన్న రాయిని తొలిచి అగడ్త చేయడం మిగతా సగం. ఉత్తరం, తూర్పు దిక్కుల్లో పీఠభూమి అంచే నిట్టనిలువుగా దిగుతుంది, అక్కడ అగడ్త అవసరం పడలేదు. చదునుగా ఉన్న దిక్కున మాత్రం మూడు వరసల అగడ్త తవ్వారు. మూడింటి మధ్య రెండు అడ్డుగోడలు కనబడతాయి. అవి కట్టినవి కావు, తొలిచేటప్పుడు వదిలేసిన రాయి. కోట గోడ మీంచి పట్నం వైపు వంగి చూస్తే సంగతి అర్థమవుతుంది: ఎక్కడా అతుకు ఉండదు, కిందనుంచి పైదాకా ఒకటే ఎర్ర రాతి పొర, అందులో తేనెపట్టులా బొక్కలు.

దర్వాజాలు వరసగా చూస్తూ నడవండి. మొదటిది దాటాక షర్జా దర్వాజా, 1503 నాటిది. పైన రెండు పులుల బొమ్మలు చెక్కి ఉంటాయి, తల ఎత్తకపోతే తప్పిపోతాయి. ఆ తరవాత గుంబద్ దర్వాజా, పేరుకి తగ్గట్టు పైన పెద్ద గుమ్మటం. దారి తిన్నగా పోదు, మలుపులు తిరుగుతుంది. ఏనుగుని పరిగెత్తించి తలుపు గుద్దించడానికి ఊపు దొరక్కూడదని అలా కట్టారు.

చాలామందికి తేదీలు కలగాపులగం అవుతాయి కాబట్టి: కోట బహమనీ సుల్తాన్ అహ్మద్‌షాది, 1432 నాటికి పూర్తయింది. పట్నం చుట్టూ ఇప్పుడు కనబడే గోడ వాళ్ళ తరవాత ఏలిన బరీద్‌షాహీలది, 16వ శతాబ్దం. రెండూ ఒకటి కావు.

పొద్దుపొడుపు
చాలా థాంక్స్. పదింటికి మదరసా, పదకొండుకి కోట అని రాసుకున్నా. కోట లోపల మోకాళ్ళ నొప్పి మనిషితో ఎంత తిరగొచ్చు? ఎక్కడ కూర్చోబెట్టొచ్చు? మధ్యాహ్నం భోజనం? అష్టూరు సమాధులు కూడా నడిచే పోవచ్చా?

గోడమీదపిల్లి
కోట లోపల ఈ వరస పట్టండి.

రంగీన్ మహల్: 20 నిమిషాలు. కొద్దిపాటి మెట్లు ఉన్నాయి, మెల్లగా ఎక్కించొచ్చు. ముందు హాల్లో చెక్క స్తంభాలు. వాటి పై కొసల చెక్కడం చూస్తే మన గుడి మండపం గుర్తొస్తుంది. లోపలి గది గుమ్మం నల్లరాతిది. అందులో ముత్యపుచిప్ప ముక్కలు పొదిగారు. గది చీకటి. చేతి టార్చి వెలుగు ఎదురుగా కాకుండా పక్క నుంచి వేయండి, అప్పుడు చిప్ప ఒకసారి ఆకుపచ్చగా, ఒకసారి గులాబీగా మెరుస్తుంది. ఎదురుగా కొడితే తెల్లటి మచ్చే. ఇది బరీద్‌షాహీ రాజు అలీ బరీద్ పని, 16వ శతాబ్దం మధ్యలో.

పక్కనే మ్యూజియం, అది పాత హమాం, అంటే స్నానశాల. పావుగంట. తాళంచెవుల కోసం అడగాల్సింది కూడా ఈ చుట్టుపక్కలే.

ఆ వెనక లాల్ బాగ్, దాని పక్కన సోలా ఖంబా మసీదు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళని కూర్చోబెట్టాల్సింది ఇక్కడే. చెట్ల నీడ ఉంది, మసీదు లోపల చల్లగా ఉంటుంది. నడిమి భాగంలోని 16 స్తంభాల వల్ల ఆ పేరు. శాసనం ప్రకారం 1423-24 నాటిది. అంటే బహమనీలు గుల్బర్గా నుంచి రాజధాని ఇక్కడికి మార్చకముందే ఉంది.

అక్కడి నుంచి మిగతా ఇద్దరూ తర్కష్ మహల్, గగన్ మహల్ బయటి నుంచి చూసి, దీవానె ఆమ్ మీదుగా తఖ్త్ మహల్‌కి పోండి. రానూపోనూ గంటన్నర. తఖ్త్ మహల్‌లో కమాను మూలల్లో పులి, దాని వీపు వెనక ఉదయించే సూర్యుడి బొమ్మ వెతకండి. పలకలు రాలిపోయినా ఆకారం తెలుస్తుంది.

హజార్ కోఠ్రీ అనే నేలమాళిగలు, దూరపు బురుజులు, ఫిరంగులు: ఓపిక మిగిలితేనే. తెలియని మెట్లలోకి ఫోను లైటు పట్టుకుని దిగొద్దు. కింద మెట్లు అరిగి గుండ్రంగా అయిపోయాయి. గోడ మీద నడిచేటప్పుడు గడ్డి కప్పిన చోట అడుగు వేసేముందు కాలితో తట్టి చూడండి, కింద సందులు ఉంటాయి.

జహీరాబాద్ చౌరస్తా
చెప్పులేసుకొని పోకుండ్రి, బూట్లే. ఎర్రరాయి మీద వాన వడ్డా, మంచు వడ్డా పాచి వట్టి జారుతది. తెల్ల బట్టలు గూడ వద్దు, ఆ ఎర్ర దుమ్ము ఉతికినా ఓ పట్టాన పోదు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు పట్నంలనే కొనుక్కోండ్రి.

భోజనానికి కోట కాడ ఏం దొర్కదు అనుకోండ్రి. రెండున్నరకు ఆటోల గురుద్వారా నానక్ ఝీరాకు వోండ్రి, లంగర్ల పప్పు రొట్టె పెడ్తరు, ఎవలికైనా. తలకు గుడ్డ గట్టుకోవాలె, చెప్పులు ఇడ్వాలె, కాళ్ళు కడుక్కోవాలె. పెట్టిచ్చుకున్నది పారెయ్యొద్దు. కూసునుడు కిందనే గాబట్టి మోకాళ్ళు సహకరించకుంటె సేవదార్లకు చెప్పుండ్రి. నరసింహ ఝర్ణి గుడి గిట్ట ఇదే రోజుల కలుపుతరేమో, అసల్ వద్దు. అది సొరంగంల నడుముకు పైన నీళ్ళల్ల నడిచేటిది. దానికి మారు బట్టలు గావాలె, ఆదివారం లైనే గంటల లెక్కుంటది.

సున్నంరాయి
అష్టూరు నడిచే దూరం కాదు. అంటే మూడు కిలోమీటర్ల చిల్లరే, కానీ కోట అయ్యాక ఎవరూ నడవలేరు. ఆటో మాట్లాడుకుని, అక్కడ ఆగి తిరిగి తెచ్చేలా ముందే బేరం కుదుర్చుకోండి. వదిలేసి పోతే తిరుగు ఆటో దొరకదు.

నాలుగింటికి అక్కడ ఉంటే బాగుంటుంది. దారిలో ఖలీలుల్లా చౌఖండీ అనే సమాధి దగ్గర ఐదు నిమిషాలు ఆపమనండి. గుమ్మం చుట్టూ నల్లరాతి మీద చెక్కిన అక్షరాల కోసమైనా మెట్లు ఎక్కొచ్చు. అష్టూరులో ముందు హుమాయూన్ బహమనీ సమాధి. 1882లో పిడుగు పడి గుమ్మటం సగానికి చీలింది. నష్టమే, కానీ గుమ్మటం లోపలి మందం ఎంత, గోడ మీద అది ఎలా కూర్చుందో కత్తితో కోసి చూపించినట్టు ఉంటుంది. కట్టడాలంటే ఆసక్తి ఉన్నవాళ్ళు అక్కడే అరగంట నిలబడతారు.

తరవాత అహ్మద్‌షా వలీ సమాధి లోపల పైకప్పు రంగులు. ఎరుపు, నీలం, బంగారు రంగు అక్షరాలు. 1436లో పోయాడాయన. ఆయన ఉరుసుకి లింగాయతులు కూడా వస్తారు, తమ గురువు అల్లమప్రభు అవతారమని వాళ్ళ నమ్మకం. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, గుమ్మంలోంచి తొంగి చూసి "ఏమీ లేదు" అని వచ్చేయకండి.

వెండితీగ
బిద్రీ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. దుకాణాలు, పని చేసే గదులు చౌబారా దగ్గర మొదలై కోట దారి వెంట ఉన్నాయి. పొద్దున పోయేటప్పుడు చూడండి, కొనడం మాత్రం తిరుగులో. జింకు సామాను మోసుకుని కోట తిరగలేరు.

లోహం ముప్పాతికకు మించి జింకే, కొంచెం రాగి. చెప్పుకునే పాళ్ళు 16 కి 1. ఇసుక అచ్చులో పోత పోస్తారు, ఆకురాయితో నునుపు చేస్తారు. మైలుతుత్తం నీళ్ళు పూస్తే పైన తాత్కాలికంగా నలుపు వస్తుంది, ఎందుకంటే ఉలితో గీసిన గీత దాని మీదే తెల్లగా కనబడుతుంది. ఆ గాడిలో వెండి తీగ పెట్టి చిన్న సుత్తితో కొడతారు. గాడి అంచులు తీగని పట్టేసుకుంటాయి, జిగురు ఉండదు. మళ్ళీ రుద్దితే నలుపు పోయి అంతా ఒకటే బూడిద తెలుపు, వెండి ఏదో జింకు ఏదో పోల్చలేం.

అసలు మాయ చివర్లో. వస్తువుని కొంచెం వేడి చేసి, కోటలోని పాత మట్టి, నవాసాగరం కలిపిన ముద్ద రాస్తారు. చూస్తుండగానే జింకు నల్లబడుతుంది, వెండి మాత్రం మారదు. ఏ మట్టి పడితే అది పనికిరాదు. ఏళ్ళ తరబడి ఎండా వానా తగలని చోటి మట్టి కావాలి, అందులో నత్రజని లవణాలు పేరుకుని ఉంటాయి. పనివాళ్ళు చిటికెడు నాలిక మీద వేసుకుని రుచితో తేలుస్తారు. మీరు మట్టి తవ్వి తెచ్చుకునే పని పెట్టుకోకండి, అది రక్షిత కట్టడం.

కొనేటప్పుడు: గోరు అడ్డంగా గీయండి, వెండి గీత దగ్గర తట్టుకోకూడదు. తట్టుకుంటే తీగ పైకి లేచింది, బట్టకి తగిలి ఊడుతుంది. నలుపు మెరవకూడదు, మట్టి నలుపు ఉండాలి. నిగనిగలాడితే పైన రంగో వార్నిషో ఉన్నట్టు, అడిగేయండి. తీగ పనికీ రేకు పనికీ ధర వేరు. రేకు ముక్క వెడల్పుగా కనబడుతుంది, తీగ పని సన్నగా ఉంటుంది, దానికి చేతి శ్రమ ఎక్కువ. అడుగు భాగం తిప్పి చూడండి, పోతలో గుంటలు ఉంటే అక్కడే తెలుస్తాయి.

ఇంటికొచ్చాక తోమొద్దు, చింతపండు అసలే వద్దు. మెత్తని గుడ్డ మీద రెండు చుక్కల కొబ్బరినూనె వేసి తుడిస్తే నలుపు మళ్ళీ తేరుకుంటుంది. తినే వస్తువులు అందులో పెట్టకండి.

కరేజ్
గల్లీలు తిరిగేవాళ్ళకి ఇంకొకటి. పట్నం కింద జమ్నా మోరీ అనే పాత నీటి కాలువల అల్లిక ఉంది. నౌబాద్ దగ్గర పెద్ద సొరంగ కాలువ వేరే, అది ఊరి బయట. అక్కడ నేల మీద వరసగా బావుల్లాంటి గుంతలు కనబడతాయి. తవ్వేటప్పుడు మట్టి తీయడానికి, గాలి ఆడటానికి చేసినవి అవి. లేటరైట్ పొర నీటిని జల్లెడలా దించుతుంది, అడుగున గట్టి నల్లరాయి దాన్ని ఆపుతుంది. రెండూ కలిసే చోట సొరంగం తవ్వి, చిన్న వాలుతో నీళ్ళు పారించారు. మోటారు లేకుండా కొండ మీద ఊరు బతికిన సంగతి అదీ. మీ ఒక్క రోజులో నౌబాద్ పట్టదు, వదిలేయండి.

బరీద్‌బాగ్
ఆలస్యంగా చూశాను. ఒక సవరణ: తిరుగు బస్సు ఎక్కేముందు గంట మిగిలితే మళ్ళీ పట్నంలోకి పోవద్దు. బస్టాండు వైపే బరీద్‌షాహీ సమాధుల తోట ఉంది. అలీ బరీద్ సమాధి నాలుగు పక్కలా తెరిచి ఉంటుంది, గోడ అడ్డు లేదు, సాయంత్రం ఎండ లోపలిదాకా వస్తుంది. చదును నేల, బెంచీలు ఉన్నాయి, మోకాళ్ళకి సుఖం.

ఇంకో మాట, గవాన్ గురించి. అతన్ని చంపింది బీదర్‌లో కాదు. 1481లో సుల్తాన్ మన కొండపల్లిలో మకాం వేసి ఉన్నప్పుడు. ఒడిశా గజపతులకి రాసినట్టు దొంగ ఉత్తరం పుట్టించి ఇరికించారు. మదరసా కట్టి తొమ్మిదేళ్ళు కూడా సరిగ్గా నిండలేదు.

పొద్దుపొడుపు
అందరికీ ధన్యవాదాలు. 10 మదరసా, 11 కోట (ముందు తాళంచెవి), 2:30 లంగర్, 4 అష్టూరు, 5:15 బిద్రీ, తరవాత బస్టాండు. ఇలా కుదురుతుందా?

జహీరాబాద్ చౌరస్తా
కుదుర్తది. లంగర్ నుంచే అష్టూరుకు ఆటో మాట్లాడుండ్రి, అక్కడికెల్లి దింపుడు చౌబారా కాడ అని ముందే జెప్పుండ్రి. ఆఖరి బస్సు టైం మాత్రం పొద్దున దిగంగనే బస్టాండ్ల కౌంటర్ కాడ అడిగి రాసుకోండ్రి, ఫోన్ల సూపెట్టేది నమ్మకుండ్రి.

వెండితీగ
బిద్రీకి 5:15 ఆలస్యమేమీ కాదు, దుకాణాలు చీకటి పడ్డాక కూడా ఉంటాయి. పని చూడాలంటే మాత్రం పొద్దున మదరసాకి ముందో వెనకో పది నిమిషాలు పెట్టుకోండి. ఉలి పని పగటి వెలుతురులోనే చేస్తారు. ఆదివారం కాబట్టి కొన్ని గదులు మూసి ఉండొచ్చు, తెరిచిన చోట అడిగి లోపలికి వెళ్ళండి.